పక్కింటి గులాబి మందు

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి, ముందే మన్నించండి. రాయడం చేతకాకపోయినా, నా బిడ్డ మీదికి నా చేతులతో నేనే తెచ్చిన ఆపదను ఉన్నదున్నట్టు చెప్తాను.

అప్పట్లో మా ఇబ్రహీంపట్నంలో ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మేవాళ్లు. అందుకని నాకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నవ్వినా నీళ్లు కలిపాడనే అనుకునేవాణ్ణి.

నాలుగేళ్ల మా శిరీషకు జలుబు, దగ్గు, కొంచెం జ్వరం వస్తే దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టర్ గొంతు, చెవులు, ఛాతీ అన్నీ చూశాడు. ఇది మామూలు జలుబు, దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, జ్వరం మందు చాలు, ఆయాసం వచ్చినా మూడు రోజుల్లో జ్వరం తగ్గకపోయినా మళ్లీ రండి అన్నాడు. చీటీలో ఒక్కటే మందు. సంచి నిండా మందులు రాయనివాడు డాక్టరేనా? మీరే చెప్పండి.

"గాయన మనసు మందుల మీద లేదు, తుక్కుగూడల కొనే ప్లాట్ల మీదుంది," అన్నాను నా భార్య పద్మతో.

"నీకు గోడను జూసినా అనుమానమే. సారు చెప్పినట్టు ఇను."

నేను వింటే కదా. మా వాడకట్టులో మిగిలిన మందు ఎవరూ పారేయరు, పెరుగు తోడులాగా ఇంటింటికీ తిరుగుతుంది. పక్కింటి లక్ష్మక్క కొడుక్కు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సీసా అడిగి తెచ్చాను. పద్మ బట్టలు ఉతుకుతుంటే చాటుగా రెండు మూతలు తాగించాను.

సాయంత్రానికి ఆరు విరేచనాలు. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం.

"ఇంకేమైనా పట్టించారా?"

"ఏం లేదు సార్."

శిరీష నీరసంగా కళ్లు తెరిచింది. "బాపు గులాబి మందు తాపిండు. అమ్మకు చెప్పొద్దన్నడు."

పద్మ చూసిన చూపుకు బల్ల కింద దూరాలనిపించింది.

సీసా ఎప్పటిదని డాక్టర్ అడిగితే పోయిన ఎండాకాలందని ఒప్పుకున్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. పొడిలో నీళ్లు కలిపాక వారం పది రోజుల్లో పారెయ్యాల్సిన మందట అది. ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పట్టిస్తూ కూర్చుంటే రెండు రోజులకు పిల్ల లేచి ఆడింది. జలుబు దానంతట అదే పోయింది.

అప్పుడు అడిగింది పద్మ. "చదువుకున్నోని చీటీ మీద అనుమానపడ్డవ్. ఏడాది కింది సీసా మీద రాలేదా నీకు అనుమానం?"

పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను: అనుమానించడం మానను గానీ, ఇకనుంచి మొదట నన్ను నేనే అనుమానిస్తాను.

రాతలో తప్పులుంటే పెద్దమనసుతో దిద్దుకుని చదవండి. నా మాట మీద అనుమానముంటే మీ డాక్టర్‌నే అడగండి, పక్కింటివాళ్లను మాత్రం అడగకండి.