బియ్యం గదిలో దొర గొంతు

ముందే చెబుతున్నాను, నేను ధైర్యవంతుణ్ని కాను. బల్లి మీద పడితే నేను అరిచిన అరుపుకి ఆ బల్లే చచ్చింది. కానీ ఇది మాత్రం జరిగింది. నా బిడ్డల మీద ఒట్టు.

ఇరాక్ వాళ్లు కువైట్‌ని పట్టుకున్న ఏడు. అక్కడ సల్వా పేటలో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని. మా కడప ఓబుళమ్మక్క వంటమనిషి. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కఫీల్, కుటుంబంతో సౌదీకి పారిపోతూ ఇంటినీ, ఇంట్లో దాక్కున్న ఒక ముసలి ఇంగ్లీషు దొరనూ మాకు అప్పగించాడు. తెల్లవాళ్లని దాస్తే ఉరి అని ఊరంతా చెప్పుకుంటున్నారు. దొరని కిటికీ లేని బియ్యం గదిలో పెట్టాం.

రాత్రి అన్నం తీసుకెళితే, వచ్చీరాని హిందీలో వాళ్ల ప్రధానమంత్రమ్మ కథ చెప్పేవాడు. రోజుకి కొంచెం. పచారీ కొట్టు పైన మేడలో పెరిగిందట. బడిపిల్లలకిచ్చే పాలు ఆపించిందట.

"అయితే టీలో పాలు కొలిచి పోయించే మా కఫీల్‌కి మేనత్తే సాబ్" అన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఆమె దిగిన హోటల్లో రాత్రి బాంబు పేలితే, తెల్లారి తల దువ్వుకుని సభకి వెళ్లిందట. "ఆమె వదలదు. మమ్మల్ని విడిపిస్తుంది" అనేవాడు. ఆ ఆశ మీదే బతికేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పడుకుని లేచేసరికి అక్క లేదు. రొట్టెలకి వెళ్లిందనుకున్నాను. చీకటి పడింది. కరెంటు లేదు. నేనే అన్నం కలిపి, గది తలుపు తోశాను.

గొంతు... మెల్లగా... మూటల వెనక నుంచి.

"ఆమెని దింపేశారు... సొంత మనుషులే... కారెక్కింది... కళ్లలో నీళ్లు..."

"ఎవరు చెప్పారు సాబ్?"

ఊపిరి చప్పుడు కూడా లేదు. ఎక్కడో నీటి చుక్క... టప్... టప్...

అంతలో వీధి తలుపు దబదబా మోగింది. ఇరాక్ సైనికులు! టార్చి వేసుకుని నేరుగా ఆ గదిలోకే వెళ్లారు. అయిపోయాం అనుకున్నాను. ఒక్కో మూటా లాగి పడేశారు. వెనకాల గోడ... అంతే. ఎవరూ లేరు. తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

తర్వాత అక్క పెరటి గోడ దూకి వచ్చింది.

"సోదా వస్తాదంటే, నువ్వు పండుకోనుండంగా ఆయన్ను పక్క పేట మిష్రిఫ్‌కు పిల్చుకపోతిరా. సందు మలుపులోనే ఆయన్ను మిలట్రీవోళ్లు పట్టుకపాయిరి. అంతసేపూ దాక్కోనుంటి."

మరి నాతో మాట్లాడిందెవరు?

ఆ తర్వాత కొన్ని రోజులకి లండన్ రేడియో చెప్పింది. ఆమె పదవి పోయిందని. కన్నీళ్లతో కారెక్కిందని.

దొర ఇంటికి చేరాడో లేదో తెలియదు. ఆ గొంతు ఆయనదో, నా భయానిదో... ఇప్పటికీ తేల్చుకోలేను. అక్కకి అంతా చెప్పాను. విని అంది:

"ఎవురు చెప్పిరని అడిగితివే... యాడుండావు సామీ అని ఒక్క మాట అడగకపోతివా?"