వెండి డబ్బాలో లవంగాలు

మధ్యాహ్నం రెండుంపావుకు సౌదీలోని తాయిఫ్‌లో బస్సు బయలుదేరింది. అది 2004. నా భార్య పోయి నెల అయిందని పక్క సీటులోని యెమెన్ ముసలాయనతో చెప్పాను. ఆయన దానిమ్మకాయలా చెక్కిన వెండి డబ్బా నా చేతిలో పెట్టాడు.

"వాసన చూడు, సదీక్," అన్నాడు వచ్చీరాని ఉర్దూలో. సదీక్ అంటే అరబీలో స్నేహితుడు. "మా ఊరి యూదు కంసాలి చేశాడు. విశ్రాంతి దినం ముగియగానే వాళ్లు ఇలా లవంగాల వాసన చూసేవాళ్లు, పండుగ వెళ్లిపోయిన దిగులు తీరడానికి."

చెక్‌పోస్టులో పోలీసు బస్సెక్కి, నా చేతిలోని డబ్బా చూసి "ఎవరిది?" అన్నాడు.

"నాది కాదు," అంటూ, యూదుల వస్తువన్న భయంతో డబ్బాను ముసలాయన ఒళ్లో పడేశాను.

"నాదే. లవంగాలు," అన్నాడాయన. పోలీసు వెళ్లిపోయాడు. ముసలాయన వంగి, నా చెప్పుల దగ్గర పడిన లవంగాలు ఏరుకున్నాడు.

"పర్లేదు, సదీక్."

నా భార్య టీలో లవంగం వేసేది. ఆమె పోయాక నేనూ వేసుకునేవాణ్ణి. ఆ బస్సు దిగినప్పటి నుంచి వేసుకోవడం లేదు.