పోలి పాడ్యమి నాడు ఆరిన దీపం

పోలి పాడ్యమి తెల్లవారుజామున మహేంద్రతనయ ఒడ్డుకు జనం విరగబడి వచ్చారు. దీపాలు వదిలాక అవతలి గట్టున ఎవరూ వెలిగించని జ్యోతులు కనిపిస్తాయనీ, వాటిని చూసిన రోగికి నయమవుతుందనీ మా వైపు నమ్మకం. కిడ్నీలు పాడై కాళ్లు వాచిన మా ఆయన్ని అందుకే తీసుకెళ్లాను. అలవాటు కొద్దీ అరటి దొప్పలో నూనె పొదుపుగానే పోశాను. ఆయన పేరున వదిలిన ఆ దీపం నాలుగు బారలు పోకుండానే ఆరిపోయింది.

“ఏటే, ఆరిపోనాది మనదేనా?”

“మనది కాదు మావా. అటు సూడు, జ్యోతులొచ్చినాయి!”

జనమంతా చేతులు జోడించారు. ఆయన మాత్రం తలెత్తలేదు. మా దీపం ఆరిన చోటికేసే చూస్తూ ఉండిపోయారు.

మరుసటి కార్తీకానికి ఆయన లేరు. ఇప్పుడు దొప్ప నిండా నూనె పోస్తున్నాను.