శబ్దం లేని బండి

ఆదివారం పొద్దున్న ముగ్గురు మగాళ్లు ఒక బానెట్ చుట్టూ చేరారంటే చేసిన అటుకుల పోహా చల్లారిపోవాల్సిందే. అయినా ప్లేట్లు పట్టుకెళ్లి ఆ బానెట్ మీదే పెడతాను.

బానెట్ మా తెల్ల అంబాసిడర్‌ది. ముగ్గురిలో ఒకరు మా ఆయన. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఆ హోరుకి చెవులు మందగించాయి. రెండో ఆయన చరోదా రైల్వే కాలనీ నుంచి వస్తాడు. గూడ్సు బళ్లు నడిపిన డ్రైవరు, నన్ను వదినా అంటాడు. మూడోవాడికి హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు మిషన్ల షెడ్డుంది. మాలాగే విజయనగరం వైపువాడు కావడంతో నాకు తమ్ముడి వరస కలుపుకుని, మా ఆయన్ని బావా అంటాడు.

ఈ చలికాలం అంబాసిడర్ పొగ వదలడం మొదలెట్టింది. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. ఇంజన్ దించి హథ్‌ఖోజ్‌లో సిలిండర్లు బోరు చేయించడమా, దీన్ని వదిలించుకుని ఎలక్ట్రిక్ కారు కొనడమా, వారం వారం ఇదే గొడవ. నా మనసు ఎలక్ట్రిక్ మీదే ఉంది. గాలి బాగుపడుతుందని కాదు. దానికి క్లచ్ ఉండదు. క్లచ్ లేకపోతే నేను నడపగలను.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా టౌన్‌షిప్ సెక్టార్‌లో ఒక టీచరమ్మ ఆడవాళ్లకి మధ్యాహ్నం పూట చెప్పిన క్లాసులో. ముందు తెలుగు, తరవాత హిందీ. అంతవరకూ అంబాసిడర్ పక్క సీట్లో ఎన్నేళ్లు కూర్చున్నా ఏమీ అనిపించలేదు. రోడ్డు పక్క బోర్డులు రంగులుగా వెనక్కిపోయేవి. చదవడం వచ్చాక ప్రతి మలుపులోనూ బాణం గుర్తు పక్కన ఒక ఊరి పేరు కనపడేది. బండి మాత్రం ఆయన అనుకున్న చోటికే పోయేది. నా కాళ్లు ఊరుకోవడం మానేశాయి. ఆయన బ్రేకు వేసినప్పుడల్లా నా కుడికాలు కూడా నేలని తొక్కేది.

లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఫొటో బాగా వచ్చింది" అన్నారు. అంతే. ఒకసారి గ్రౌండుకి తీసుకెళ్లమని గోలపెడితే తీసుకెళ్లారు. అంబాసిడర్ క్లచ్ నొక్కడానికి నా మోకాలి బలం చాల్లేదు. బండి రెండుసార్లు గెంతి ఆగింది. ఆ మీదట మళ్లీ నేనూ ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

అలాంటి ఒక ఆదివారం డ్రైవరు తన అల్లుడి ఎలక్ట్రిక్ కారు తోలుకొచ్చాడు. వచ్చినట్టే తెలియలేదు. గేటు దగ్గర తులసికి నీళ్లు పోస్తూ తలెత్తితే ఎదురుగా ఉంది.

"అల్లదిగో, దొంగలా వచ్చింది సూడు" అన్నాడు తమ్ముడు.

"దొంగేటి? డీజిలింజన్లో సగం జీవితం, కరెంటింజన్లో సగం జీవితం గడిపినోణ్ని. డీజిలు దిగితే మొహం నల్లగా ఉండేది. కరెంటు దిగితే నేరుగా పెళ్లికెళ్లొచ్చు" అన్నాడు డ్రైవరు.

"నీ రైలుకి నెత్తి మీద తీగుంది భాయ్. కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు మధ్యలో బ్యాటరీ అయిపోతే ఎవడొచ్చి తోస్తాడు?" అన్నారు మా ఆయన.

ఘాట్ మాట వచ్చిందంటే ఫ్యాన్ బెల్టు కథ రాక తప్పదు. ఊరికి పోతుంటే ఘాట్‌లో బెల్టు తెగడం, ఏదో గుడ్డ పేనికట్టి జగదల్పూర్ దాకా లాక్కెళ్లడం. ఎప్పుడు చెప్పినా అది "ఏదో గుడ్డ". నా కొత్త చీర చెంగు అది.

"పిస్టన్ లేదు, రింగు లేదు, గేరు లేదు. ఇలాటి బళ్లే వస్తే నా లేతుల మీద ఎలకలు తిరుగుతాయి అక్కా" అన్నాడు తమ్ముడు నావైపు తిరిగి. నవ్వుతూనే అన్నాడు గానీ ప్లేటులో చెంచా కదలలేదు.

"ఓ రౌండు కొట్టి సూడండి గురూ, తరవాత తిడుదురు గాని" అని తాళం ఇచ్చాడు డ్రైవరు. తనూ ఎక్కబోతే మా ఆయన వద్దన్నారు. "నువ్వెక్కితే ఊరికే సలహాలిస్తావ్."

నేను పక్క సీట్లో ఎక్కాను. బండి సెక్టార్ చుట్టూ నీళ్ల మీద పోయినట్టు పోయింది. మా ఆయన మొహం బిగుసుకుపోయింది. రెండు చేతులూ స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని దేనికోసమో వెతుకుతున్నాయి. చెవులు మందగించినప్పట్నుంచీ ఆయన బండిని చేతుల్తోనే వింటున్నారు. గేరు ఎప్పుడు మార్చాలో కూడా ఆ అదురే చెప్పేది. ఇందులో అదురు లేదు.

తిరిగొచ్చి మా గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్‌కి ముందు చక్రాలు ఆనించి ఆపారు. మిల్లులో చప్పుడు ఆగితే మిషను ఆగినట్టే. ఆ లెక్కనే బండి ఆరిపోయిందనుకున్నారు. తలుపు తీసి దిగి, ముందుకి నడిచి, అలవాటు ప్రకారం బానెట్ మీద అరచెయ్యి పెట్టారు.

స్టీరింగ్ వెనక తెర మీద, బండి ఇంకా ఆన్‌లోనే ఉందని చెప్పే పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంది. చక్రం బ్రేకర్‌ని ఆనుకుని ఒక్క క్షణం తటపటాయించి, మెల్లగా ఎక్కడం మొదలెట్టింది.

"ఏవండీ!" అని అరిచాను. ఆయనకి వినపడలేదు. తల వంచి బానెట్‌నే చూస్తున్నారు. సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు రెండు చేతుల్తో లాగాను. బండి వణికి నిలబడింది. బంపరు ఆయన పాంటుకి తగిలి ఆగింది.

డ్రైవరు పరిగెత్తుకొచ్చి లోపలికి వంగి బండి ఆర్పేశాడు. "పవరు మీదుంచి కేబిన్ దిగిపోతారా ఎవరైనా! మా రైల్వేలో అయితే ఇంటికి పంపేస్తారు."

"మనిషి మీదికొచ్చేటప్పుడైనా మూలగని బండి ఏటి బండి? బావా, రేపే ఇంజన్ దించేద్దాం" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఒకరి మీదొకరు అరుచుకుంటున్నారు. నా చేతులు బ్రేకుని వదలడం లేదు. మా ఆయన గేటు మెట్టు మీద కూలబడ్డారు.

"అంబాసిడర్నే బాగుచేయిద్దాం. దీన్ని నేను నడపలేను."

నడపలేనన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయన తమ్ముడి వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు. "క్లచ్ కూడా కాస్త మెత్తగా చెయ్యగలవేట్రా? మీ అక్క కాలు చాలదు."

ఇన్ని ఆదివారాల్లో నా కాలు సంగతి ఆ బానెట్ దాకా రావడం అదే మొదలు. సంతోషించాల్సిందే. కానీ ఆ బండిలో నేను స్టీరింగ్ పట్టుకున్నా, పక్కన కూర్చుని చేతుల్తో వినేది ఆయనే. అది ఆయన బండే. క్లచ్ మెత్తబడేసరికి ఎండాకాలం వస్తుంది, అప్పటికి ఇంకేదో అరుగుతుంది.

"వద్దండీ" అన్నాను. "అంబాసిడర్ మీరు ఉంచుకోండి, బాగుచేయించుకోండి. నాకు ఇలాంటిదే కావాలి."

"ఇప్పుడే కదా మీదికొచ్చింది!"

"మీరు దిగారు. నేను దిగలేదు."

డ్రైవరు నవ్వబోయి ఆపుకున్నాడు. నేను దిగి అటువైపు నడిచి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కాళ్లు అందాయి. "నువ్వు పక్కనెక్కి చెప్పు" అన్నాను డ్రైవరుతో. అతను మా ఆయన వైపు చూశాడు. నేను చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకి దోపుకున్నాను.

డ్రైవరు ఎక్కాడు. "బ్రేకు మీద కాలుంచి స్టార్టు చెయ్యండి వదినా. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు దించి డి లో పెట్టండి, డి అంటే ముందుకి."

పెట్టాను. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. మా ఆయన ఎక్కి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ముందు సీటు వీపు పట్టుకున్నారు.

"ఎటెల్తావ్?" అన్నారు.

"ముందు సెక్టార్ దాటనీండి" అన్నాను గట్టిగా, ఆయనకి వినపడేలా.