వంగని కమాన్లు

మొన్న మేడ్చల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, నా ముందు టెంట్‌హౌస్ కుర్చీలు మోస్తున్న ఒక ట్రైలర్ ఆగింది. తుప్పు పట్టినా, వెనక రేకు మీద వెల్డింగు చేయించిన పడవ బొమ్మ ఇంకా కనిపిస్తోంది. అది మాదేనని గుర్తుపట్టగానే రోత పుట్టింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది నిక్షేపంగా ఉండటమే నా రోతకు కారణం.

తొంభైల చివర్లో మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, ఉద్యోగం నుంచి దిగిపోయాక మేడ్చల్‌లో మా పెరట్లో పలచని చెక్కతో ఒక పడవ చేశాడు. చేపలకు కాదు, వ్యాపారానికి అంతకన్నా కాదు. మా అవ్వ, అంటే బాపు తల్లి, పుట్టింది శామీర్‌పేట చెరువు కట్ట కిందే. నీళ్ళను చూస్తూ పెరిగింది గానీ నీళ్ళ మీద ఎన్నడూ కూర్చోలేదు. "సచ్చేలోపట ఒక్కసారి చెరువు నడ్మకు తోల్కపో కొడకా" అని అడిగింది. బాపు మాటిచ్చాడు.

పడవను శామీర్‌పేట దాకా చేర్చడానికి ట్రైలర్ కావాలి. బాపు ఒక పాత కారు ఇరుసూ, గుంతల్లో దెబ్బను వంగి మింగే, రెండేసి ఇనప పట్టీల మెత్తటి కమాన్లూ చూసి పెట్టుకున్నాడు. మా మేనమామ అప్పుడే ప్లాట్ల వ్యాపారంలో దిగి, ప్రతిదానిలోనూ లావు చూసే మనిషయ్యాడు. వెల్డింగు షాపులో ఆ ఇరుసును చెప్పుకాలితో తన్నాడు. "గిదేంది బావా, సైకిల్‌కు ఏస్తరా దీన్ని? ట్రాక్టర్ ట్రాలీది ఏపిద్దాం. పది మంది జూస్తరు." ట్రాలీ ఇరుసే వచ్చింది.

ఇక కమాన్లు. మా ఇళ్ళల్లో ఒక దిక్కుమాలిన మర్యాద ఉంది, పెద్దవాళ్ళు సలహా ఇస్తే తీసెయ్యకూడదు. పెదనాయన వచ్చి ఒక పట్టీ ఎక్కువ వెయ్యమన్నాడు, వేశారు. చిన్నతాత వచ్చి, పెదనాయన మాటే విన్నారా అని మొహం ముడుచుకున్నాడు, ఆయన పేరున ఇంకొకటి. పెళ్ళిలో బట్టలు పెట్టినట్టు వచ్చినవాళ్ళకల్లా తలా ఒక పట్టీ పెట్టారు. చివరికి అవి ఇసుక లారీ కమాన్లంత లావయ్యాయి. "పడవ తేలిక, ఇవి మస్తు బిర్రుగున్నయి, జరంత గూడ వంగయి బాపూ" అని నేనంటే, "ఊకో బిడ్డా, పెద్దోళ్ళు నారాజైతరు" అన్నాడు తల దించుకుని. మామ మీద కన్నా బాపు మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

నిమ్మకాయలు తొక్కించి బయల్దేరదీశారు. రోడ్డంతా గుంతలు. కమాన్లు కాస్తయినా వంగలేదు, దెబ్బలన్నీ పడవే తిన్నది. కట్ట దగ్గర ఆపి చూస్తే అడుగు చెక్క నిలువునా పగిలి ఉంది. మామ మాత్రం కిందికి వంగి చూసి, "కమాన్లకేం గాలే" అన్నాడు సంబరంగా.

కొత్త చీర కట్టుకుని కట్ట మీద ఎదురుచూస్తున్న అవ్వ లేచి వచ్చింది. పగులును చూసింది, చెరువును చూసింది, బాపు ఏడుపు మొహాన్ని చూసింది. "నన్ను ఎక్కియ్యుండ్రి" అంది. ట్రైలర్ మీదే ఆ పడవలో కూర్చుని, రెండు అంచులూ పట్టుకుని, ప్రతి గుంతకూ ఎగిరిపడుతూ మేడ్చల్ దాకా వచ్చింది. ఇంటి ముందు దింపుతుంటే, "గీ చెరువుల అలలు మస్తుగున్నయి కొడకా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మరుసటేడు అవ్వ పోయింది. పడవ పొయ్యిలోకి పోయింది. ఇప్పుడు బాపూ లేడు. ట్రాఫిక్ కదలగానే ఆ ట్రైలర్ నా ముందు గుంతలో దిగి, బిర్రుగా ఎగిరి, దర్జాగా ముందుకు పోయింది. కాలం మా ఇంట్లో అందరి నడుములూ వంచింది గానీ, పెద్దల పేరున వేసిన ఆ పట్టీల్లో ఒక్కదాన్నీ వంచలేకపోయింది.