బలద్‌లో ఒకే ఇంటికి ముగ్గురు యజమానులు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నదే. "నాకు తెలియదు" అనాల్సిన చోట "ఇటు రండి" అన్నాను. దాంతో ఒక మనిషి సెలవులూ, ఒక పులీ, నా పరువూ ఒకే సాయంత్రం గల్లంతయ్యే స్థితికి వచ్చాయి.

మార్త వదిన మా ఆవిడకు స్వయానా అక్క. నర్సుగా జెద్దాకు కొత్తగా వచ్చింది. నెలకోసారి ఆసుపత్రి బస్సు నర్సులను పాతపేట బలద్‌కు తెచ్చి, సాయంత్రం నమాజు కాగానే తీసుకుపోతుంది. బస్సు తప్పినవాళ్లకు మూడు నెలలు బయటికి సెలవుండదు. ఫోన్లు దారి చెప్పడం ఇంకా నేర్వని రోజులవి.

"మరిదిగారూ, ఆ పాత మేడలు చూపించండి. అమ్మకు పులిబొమ్మ రగ్గు కూడా కొనాలి."

"రగ్గు తిరిగొచ్చేటప్పుడు కొందాం వదినా. ఈ సందులు నాకు అరచేతిలో గీతలు!"

అరచేతి గీతలు చదవడం నాకు రాదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

మా ఆవిడతో కలిపి ముగ్గురం బయల్దేరాం. నా లెక్క సులువు. రగ్గులు వేలాడే కొట్టు దగ్గర ఎడమకు, బకెట్ల గుట్ట దగ్గర కుడికి. పగడపు రాళ్ల గోడలూ, చెక్క జాలీ కిటికీలూ చూసి వదిన మురిసిపోతుంటే నాకు చరిత్ర పూనింది. ఆకుపచ్చ కిటికీల మేడ చూపించి, "ఇది ముత్యాల వర్తకుడిది. ఏడుగురు కూతుళ్లు, ఏడు కిటికీలు!" అన్నాను. ఏ ఎండకా గొడుగంటారు. నాది ఏ గోడకా కథ.

ఇంతలో సాయంత్రం నమాజుకు అజాన్ వినిపించింది. కొట్లవాళ్లు రగ్గులూ బకెట్లూ లోపలికి లాగేసి షట్టర్లు దించేశారు. నా కుడీ ఎడమా కూడా వాటితోపాటే లోపలికి పోయాయి.

గబగబా తిరిగాం. మళ్లీ ఆకుపచ్చ కిటికీలు. వేరే మేడనుకుని, "ఇది ఓడ కెప్టెన్‌ది," అన్నాను. ఇంకో చుట్టు తిరిగాక, చెమటలు కక్కుతూ, "ఇది... ఖాజీగారిది."

"గుమ్మంలో ఆ ఒంటికన్ను పిల్లి మాత్రం మూడిళ్లలోనూ ఉందేంటి మరిదిగారూ?"

"మూడు చోట్లా దానికే డ్యూటీ పడిందేమోలే అక్కా!" అని మా ఆవిడ నావైపు తిరిగింది. "అక్క మూడు నెలలు నర్సుల హాస్టల్ గోడలు చూస్తూ కూర్చుంటే ఆ పాపం మీదేనండీ!"

వదినే ఆ తలుపు తట్టింది. ఒక ముసలామె తొంగిచూసింది. ఆసుపత్రిలో రోజూ అరబ్బీలో అడిగే "ఎక్కడ నొప్పి?"లోంచి వదిన నొప్పి తీసేసి బస్సు పెట్టింది: "వేన్ బస్?"

ముసలామె తన ఇంటి వెనక్కే చెయ్యి చూపించింది. అదే క్షణంలో అక్కడ హారన్ మోగింది! వదిన పరుగెత్తి, కదులుతున్న బస్సెక్కి, కిటికీలోంచి అరిచింది.

"మరిదిగారూ! మీరు చెప్పిన ముగ్గురిలో ఆవిడ మొగుడెవరో కాస్త కనుక్కోండి!"

కనుక్కున్నాం. మరుసటి శుక్రవారం మా ఆవిడే లోపలికెళ్లి, వచ్చీరాని అరబ్బీలో అడిగి వచ్చింది. ఆయన బియ్యం వ్యాపారి. కిటికీలు ఐదే.

పులిబొమ్మ రగ్గు కొని, భుజాన మోసుకుంటూ హాస్టల్ గేటు దగ్గరికెళ్లి, వదినకు నిజం అప్పజెప్పాను. ఈ జన్మలో ఎవరికీ దారి చూపించనని, ఎవరింటికీ యజమానిని నియమించనని ఆ పులి మీదే ఒట్టేశాను.

"మరి ఇక్కడిదాకా ఎలా వచ్చారు?" అంది వదిన అనుమానంగా.

"మీ చెల్లి ముందు నడిచింది వదినా. నేనూ పులీ వెనకాల వచ్చాం."