ఏడవడానికో గది అడిగిన హెడ్ సిస్టర్ గారు

మొన్న పొద్దున్న మండవల్లి ఆరోగ్య కేంద్రంలో పిల్లలకి టీకాలు వేస్తుంటే ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెంలో, కూతురింట్లో, మా హెడ్ సిస్టర్ గారు పోయారని. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, అంతేనట. ఒళ్లో ఉన్న పిల్లాడికి టీకా వేసి, తల్లికి జాగ్రత్తలు చెప్పి పంపి, అప్పుడు ఏడ్చాను. చేతిలో పని పూర్తి చెయ్యడమూ, ఆ తర్వాత సిగ్గుపడకుండా ఏడవడమూ రెండూ ఆవిడే నేర్పారు.

కరోనా వచ్చిన ఏడాది నేను ఏలూరులో ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుని. కోవిడ్ వార్డుకి ఆవిడే పెద్ద. పొట్టి మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆయమ్మనైనా, సూపరింటెండెంటు గారినైనా "ఏవండీ" అనే పిలిచేవారు.

ఒకరోజు ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చేతుల్లోనే పోయారు. ఊపిరందకపోయినా, చెరువులో చేపలకి మేత వేశాడో లేదో కొడుకుని అడగమని నాతో అన్నారు. మర్నాడు డ్యూటీకి వచ్చాను గానీ, పీపీఈ కిట్ తొడుక్కోలేకపోయాను. గ్లవుజులు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"భయమేస్తోందండీ. ఇంక నావల్ల కాదు. ఉద్యోగం మానేస్తానండీ," అన్నాను హెడ్ సిస్టర్ గారితో.

తిడతారనుకున్నాను. ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నారు. "నాకూ భయమేస్తోందమ్మా. ఆ పెద్దాయన ఏమన్నారో చెప్పు. అంతా చెప్పు."

చెప్పాను. చేపల మేత దగ్గరకొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. ఆవిడ ఊరుకోమనలేదు. అంతా అయ్యాక, "ఇవాళ లోపలికి రావద్దు, బయట పని చూడు. రేపు నా పక్కనే ఉందువుగాని," అన్నారు.

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరకి వెళ్లారు. డ్యూటీ దిగినవాళ్లు కాసేపు కూర్చుని, ఏడుపొస్తే ఏడవడానికి ఒక గది కావాలన్నారు.

"పేషెంట్లకే మంచాల్లేవు సిస్టర్ గారూ. కూర్చుని ఏడవడానికి గది ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అని ఆయన విసుక్కున్నారు.

"ఏవండీ, సిలిండర్ ఖాళీ అయితే మారుస్తున్నాం కదండీ. మనిషి ఖాళీ అయిపోయినా అలాగే వాడేసుకుంటే ఎలాగండీ?"

ఆయన పాత సామాన్ల గది తాళం చెవి తీసి బల్ల మీద పెట్టారు.

గది కడుక్కున్నాం. చాప పరిచాం. అల్లం టీ ఫ్లాస్కు ఆవిడే తెచ్చేవారు; మాస్కు దించి, అటు తిరిగి తాగేవాళ్లం. నర్సులు, ఆయమ్మలు, అంబులెన్సు డ్రైవర్లు ఎవరైనా రావచ్చు. ఆ రోజు మనసులో గుచ్చుకున్నది చెప్పుకోవచ్చు. సలహాలు మాత్రం ఇవ్వకూడదు. "రోగులకి వైద్యం చేసే అలవాటు కొద్దీ ఒకళ్లకొకళ్లు చేసేసుకోకండమ్మా. వినండి చాలు," అనేవారు. బొత్తిగా నిద్రపట్టనివాళ్లని మాత్రం మానసిక వైద్యుడి దగ్గరకి తనే తీసుకెళ్లారు. "జ్వరమొస్తే మాత్ర వేసుకోమా? ఇదీ అంతే."

రెండో ఏడు మొదటిదానికంటే ఘోరం. ఆవిడ తమ్ముడు మా వార్డులోనే పోయాడు. ఆ సాయంత్రం ఆవిడ గదిలోకొచ్చి చాప మీద చతికిలబడ్డారు. "ఇవాళ నా వంతమ్మా," అన్నారు. గణపవరంలో చిన్నప్పుడు తమ్ముడితో కాలవలో తువ్వాలు వేసి చేపపిల్లలు పట్టిన సంగతి చెబుతూ, నవ్వుతూ ఏడ్చారు. ఎవరమూ సలహా ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి విన్న సూపరింటెండెంటు గారు చెప్పులు విడిచి వచ్చి, మా మధ్య కూర్చున్నారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోని తన భయాలు ఆయనా చెప్పుకున్నారు.

మా వార్డు వదిలి ఎవరూ వెళ్లిపోలేదు. భయపడ్డాం, ఏడ్చాం, మళ్లీ లోపలికి వెళ్లాం. మేం గెలిచామని గర్వంగానే చెబుతాను. ఆ గది ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరిన పిల్లలు డ్యూటీ దిగి అక్కడే కూర్చుంటున్నారట.

ఆవిడని తలుచుకుంటే వార్డులో ఆఖరి పేషెంటు ఇంటికెళ్లిన రోజే కళ్లకి కడుతుంది. ఆ పేషెంటు కొల్లేటి లంకనుంచి వచ్చిన ఒకావిడ. ఆటో గేటు దాటేదాకా చప్పట్లు కొట్టి, ఎండలో నిలబడి మాస్కులు తీసేశాం. అన్నాళ్లూ కలిసి పనిచేసినా, మాలో చాలామందికి పక్కవాళ్ల కళ్లు తప్ప ముఖం తెలియదు. హెడ్ సిస్టర్ గారు ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని చూస్తూ, "నువ్వేనమ్మా? ఇంత బావుంటావా!" అంటూ తిరుగుతున్నారు.

"మీదీ తియ్యండి మరి!" అని అరిచాడు అంబులెన్సు డ్రైవరు.

ఆవిడ మాస్కు కిందికి లాగారు. ముందు పళ్ల మధ్య చిన్న సందు. ఆ సందు కనబడేలా, ఎండకి కళ్లు చికిలించి, నోరారా నవ్వుతున్నారు.